కొంగున లేని తాళం చెవి

మా అత్తగారి బొడ్లో ఎప్పుడూ ఒక తాళాల గుత్తి ఉండేది. బీరువాది, ధాన్యపు గదిది, ఊరగాయల అలమారుది, పెరటి తలుపుది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే 1998లో లెండి, ఆవిడ ఎక్కడున్నారో వెతకనక్కర్లేదు. గలగల వింటే చాలు. పోవడానికి ఏడాది ముందు ఆ గుత్తి నా చేతికిచ్చి, "ఇంట్లో ఏ తాళం ఎక్కడుందో ఆడదానికి తెలియాలమ్మా. మగాళ్ళకి తలుపులు తెలుస్తాయి గానీ తాళాలు తెలియవు" అన్నారు.

అప్పటినుంచీ ఇంట్లో అన్ని తాళాలూ నా దగ్గరే ఉన్నాయని నేనూ ధీమాగానే ఉన్నాను. ఒకటి లేదని ఈమధ్యే తెలిసింది. ఆ కథే ఈ వారం మీకు చెప్పబోయే కబురు.

మా వెనక వీధిలో ఒక పిన్నిగారున్నారు. పేరు చెప్తే ఆవిడకి ఇష్టముండదు, కాబట్టి చెప్పను. బాబాయిగారు ఉద్యోగం నుంచి దిగాక కంప్యూటర్ నేర్చుకున్నారు. అంతే, ఇన్సూరెన్సు, బ్యాంకు, కరెంటు బిల్లు, అన్నీ అందులోనే. కాగితం ముక్క ఇంటికి రానివ్వలేదు. "కాగితాలు చెదలు తింటాయి, మెయిలుకి చెదలుండవు" అనేవారు. ఒకరోజు పొద్దున్న కాఫీ తాగి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు.

ఆ దుఃఖంలో మెయిలు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? సంవత్సరీకం అయ్యాక కొడుకు తీరిగ్గా కాగితాలు చూద్దామని కూర్చున్నాడు. బ్యాంకువాళ్ళు "మీ నాన్నగారి మెయిలుకి అన్నీ పంపుతూనే ఉన్నామండీ" అన్నారు. డైరీలో పాస్‌వర్డ్ దొరికింది, మెయిలు తెరుచుకుంది. లోపల ఒక్క ఉత్తరం లేదు. ఇన్ని నెలలపాటు ఎవరూ తెరవకపోతే లోపలున్నదంతా చెరిపేస్తామని ఆ కంపెనీవాళ్ళు ఎప్పుడో రాసుకున్న నిబంధనట. మెయిలుకి చెదలుండవు నిజమే, గడువు మాత్రం ఉంటుంది.

డబ్బు కాగితాలు ఆఫీసుల చుట్టూ తిరిగి ఎలాగో తెచ్చుకున్నారు. ఆలస్యమైనా డబ్బు వచ్చింది. కానీ పై ఊళ్ళో ఉన్న కూతురికి బాబాయిగారు వారం వారం రాసిన ఉత్తరాల నకళ్ళు మాత్రం రాలేదు. "ఒక్కటైనా అచ్చు తీయించుకోలేదమ్మా" అని పిన్నిగారు నా దగ్గర కళ్ళు తుడుచుకున్నారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మావారిని అడిగాను. "ఏమండీ, మన మెయిలు పాస్‌వర్డ్ ఏంటి?"

"ఎందుకిప్పుడు? పప్పులో ఉప్పు తగ్గింది చూడు."

"ఉప్పు సంగతి తర్వాత. పాస్‌వర్డ్ చెప్పండి."

"కంప్యూటర్ పెడితే దానంతటదే తెరుచుకుంటుందిగా. పాస్‌వర్డ్‌తో పనేముంది?"

"కంప్యూటర్ పాడైతే?"

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఆయనకి గుర్తు లేదు!

మా మెయిలు కథ కొంచెం చెప్పాలి. 2002లో మా తమ్ముడు ఉద్యోగానికని అమెరికా వెళ్తూ, గుంటూరు అరండల్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి మమ్మల్ని తీసుకెళ్ళి, మావారి పేరు మీద ఒక మెయిలు తెరిచి ఇచ్చాడు. గంటకి 20 రూపాయలు. ప్లైవుడ్ గదుల్లో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేదాన్ని. ఊళ్ళో మా అమ్మకి చదువు అంతంతమాత్రం. తను చెప్పేది, నేను రాసుకొచ్చి టైపు కొట్టేదాన్ని. తర్వాత తర్వాత గ్యాసు, బ్యాంకు, ఎల్.ఐ.సి., పిల్లల కాలేజీ ఫీజు రసీదులు, ఎవరు మెయిలు అడిగినా మావారు ఆ ఒక్కటే ఇచ్చారు. ఒకే డబ్బాలో పప్పూ, ఉప్పూ, బంగారమూ అన్నమాట.

సరే, ఫోనులో తెరుద్దామని చూశాం. పాస్‌వర్డ్ మర్చిపోయాం అని నొక్కితే, 43తో ముగిసే ఫోను నెంబరుకి కోడ్ పంపుతానంది. ఆ నెంబరు మేము 2015లోనే వదిలేశాం. వాడకుండా వదిలేసిన నెంబర్లను 90 రోజుల గడువు దాటాక వేరేవాళ్ళకి ఇవ్వొచ్చని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకే చెప్పింది. అంటే మా ఇంటి తాళం చెవి ఇంతకాలం ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ జేబులో ఉన్నా ఉండొచ్చు!

పోనీ రహస్య ప్రశ్న ఉంది కదా అంటే, "మీరు మొదట చదివిన బడి ఏది?" అని అడిగింది. మావారు హుషారుగా తన బడి పేరు కొట్టారు. తప్పంది. ఇంకో స్పెల్లింగుతో కొట్టారు. తప్పంది. అమెరికాకి ఫోను చేస్తే మా తమ్ముడు ఒకటే నవ్వు. "బావగారూ, ఆ రోజు మీరు ఫోనొచ్చిందని బయటికెళ్ళారు. ప్రశ్నకి నా బడి పేరే పెట్టుంటాను. ఏ స్పెల్లింగో గుర్తులేదు" అన్నాడు. అదీ కొట్టి చూశాం. ఎక్కువసార్లు తప్పు కొట్టామని తలుపు ఆ రోజుకి బిగించేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు కాగితాల గురించి కాదు. మా అమ్మ 2014లో పోయింది. ఆవిడ గొంతు నా దగ్గర ఎక్కడా లేదు. ఆవిడ మాటలు మాత్రం ఆ డబ్బాలో ఉన్నాయి.

తెల్లారి మా అమ్మాయి పాత కంప్యూటర్ మీది గుడ్డ తీసి పెట్టింది. ఇంజనీరింగ్ చదువుతోంది కదా, నాకంటే ధైర్యం. మెయిలు తెరుచుకుంది. మనం పాస్‌వర్డ్ మర్చిపోయినా బ్రౌజరు గుర్తుపెట్టుకుంటుందట. సెట్టింగుల్లో 'పాస్‌వర్డ్స్' అనేచోట చూస్తే దొరికింది. తీరా చూస్తే మా పుట్టింటి ఊరి పేరు, పక్కన 123! ఇంత చిన్న చిలుకు గడియ ఇన్నేళ్ళు ఇంత సంసారానికి కాపలా కాసిందా అనిపించింది.

అప్పుడే నిశ్చయించాం, కొత్త మెయిలుకి మారిపోవాలని. పాతదాంట్లో జాగా నిండిపోయింది, ప్రకటనల చెత్త వేలకొద్దీ ఉంది. పైగా సంసారమంతా ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది.

"దానికేముంది, కొత్తది తెరిచి పాతది మూసేస్తే పోలా?" అన్నారు మావారు.

ఇక్కడే నేను అడ్డం పడ్డాను. అద్దె ఇళ్ళు మారినవాళ్ళం మనం. కొత్తింట్లో పాలు పొంగించగానే పాతింటి తాళం ఇచ్చేస్తామా? సామాను చేరాలి, అటక మీద చూడాలి, పాలవాడికీ పేపరువాడికీ చెప్పాలి, ఉత్తరాలు కొత్తింటికి పంపమని పోస్టాఫీసులో కాగితం రాసివ్వాలి. అప్పుడు కదా తాళం! మెయిలైనా అంతే.

అసలు మన ఇళ్ళల్లో చాలామందికి ఈ పాత డబ్బాలు ఎలా వచ్చాయో తెలుసా? మొదటి ఈ-మెయిలు 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు పంపాడు. పేరుకీ చోటుకీ మధ్య, సున్నా చుట్టినట్టుండే 'ఎట్' గుర్తు పెట్టింది ఆయనే. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్‌ని వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, 1996 జులై 4న, బెంగుళూరులో పెరిగిన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే స్నేహితుడితో కలిసి హాట్‌మెయిల్ పెట్టారు. ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఉచితంగా మెయిలు తెరుచుకోవడం అలా అలవాటైంది. అందులో ఇచ్చిన జాగా 2 ఎంబీ. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకే అది చాలకపోవచ్చు! 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చి 1 జీబీ ఇస్తామంటే, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారని నమ్మనివాళ్ళున్నారు. ఇప్పుడు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అయితే గూగుల్‌లో దాచుకునే ఫొటోలూ, ఫైళ్ళూ కూడా ఆ జాగాలోనే సర్దుకోవాలి.

మారడమంటే మనలాంటివాళ్ళకే కాదు, సర్కారుకీ తప్పలేదు. 2025లో సుమారు 12 లక్షల మంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్ళు మన దేశపు కంపెనీ జోహో వ్యవస్థలోకి మారాయని పేపర్లలో చదివాం. కానీ వాళ్ళ చిరునామాల చివరన ఉండే ప్రభుత్వం పేరు మారలేదు. ఇల్లు మారినా డోరు నెంబరు అదే అన్నమాట. మనకి ఆ వెసులుబాటు లేదు. కంపెనీ మారితే చిరునామా మారినట్టే. అందుకే మన పని కొంచెం ఎక్కువ.

మేము ఏం చేశామో వరసగా చెప్తాను. మా ఇంట్లో ఈ పనికి నెల పైనే పట్టింది. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దాక ఒక అరగంట.

మొదటిరోజు కొత్తదాని జోలికి పోలేదు. పాతదానికే గట్టి పాస్‌వర్డ్ పెట్టి, అందులో ఉన్న పాత ఫోను నెంబరు తీసేసి, ఇప్పటి నెంబరు పెట్టాం. ఇల్లు ఖాళీ చేసేముందు దొంగ తలుపు మూసినట్టు.

రెండోరోజు కొత్త మెయిళ్ళు తెరిచాం. ఒకటి కాదు, రెండు. ఆయనకొకటి, నాకొకటి. "నీకెందుకోయ్ వేరే?" అన్నారు. "రేషన్ కార్డులో నా పేరు వేరేగా లేదా?" అన్నాను. ఇంక మాట్లాడలేదు. పేరు పెట్టేటప్పుడు మా అమ్మాయి ఒక మాట చెప్పింది. ముద్దుపేర్లూ, పుట్టిన సంవత్సరమూ పెట్టొద్దు, బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి గట్టిగా చెప్పగలిగే పేరు పెట్టుకోమంది. ఇంటిపేరు, పేరు, అంతే. నా మెయిలు తెరవడం కుదరకపోతే సాయానికి ఆయన మెయిలు, ఆయనదానికి నాది ఇచ్చుకున్నాం. రెండంచెల తాళం కూడా పెట్టాం. పాస్‌వర్డ్ కొట్టినా, మన ఫోనులో ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది.

ఆ తర్వాత అసలు పని, ఎవరెవరికి చెప్పాలో పట్టిక రాయడం. గుర్తున్నవి రాస్తే తొమ్మిదే వచ్చాయి. మా అమ్మాయి పాత మెయిలు పైనుండే వెతికే గడిలో 'స్టేట్‌మెంట్' అని కొట్టింది. తర్వాత 'పాలసీ', 'రిసీట్', 'రెన్యూవల్', 'వెరిఫై' అని ఒక్కొక్కటీ కొట్టింది. చివరికి పట్టిక 31కి చేరింది! బ్యాంకు, ఎల్.ఐ.సి., ప్రావిడెంట్ ఫండు, ఇన్‌కంటాక్స్, గ్యాసు, రైలు టిక్కెట్లు, పాస్‌పోర్టు, ఫోను కంపెనీ, పిల్లల కాలేజీలు... అందులో ఒకటి చూసి నేనే నివ్వెరపోయాను. 2012లో మా అమ్మ నాకిచ్చిన పసుపుకుంకుమ డబ్బు మావారు నా పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. ఇద్దరం మర్చిపోయాం. పాపం, అది తనంత తనే ఏటా తిరగవేసుకుంటూ, ఏటా మాకు మెయిలు పంపుతూనే ఉంది. మేమే చూడలేదు. (పదేళ్ళు దాటి ఎవరూ అడగని డిపాజిట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో 'ఉద్గమ్' అనే వెబ్‌సైటు పెట్టింది. పిన్నిగారికీ ఆ మాట చెప్పాను.)

ఇక మార్పించేటప్పుడు తెలిసింది, పాతది ముందే మూసేసి ఉంటే ఏమయ్యేదో. చాలాచోట్ల చిరునామా మారుస్తామంటే, "నిజంగా మీరేనా?" అని పాత మెయిలుకే కోడ్ పంపుతారు. ఆ కోడ్ చూసి చెప్తేనే కొత్తది ఒప్పుకుంటారు. పాతదానికి తాళం పోయినవాళ్ళు ప్రతిచోటికీ గుర్తింపు కాగితాలు పట్టుకుని తిరగాల్సిందే. మావారు అంతా విని, "నువ్వు అడ్డం పడకపోతే కొంప మునిగేదే" అన్నారు. పాతికేళ్ళ పైబడిన కాపురంలో ఇలాంటి మాట ఎన్నిసార్లు విన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు!

ఉత్తరాలు తరలించడం ఎలాగా అని చాలా భయపడ్డాను. ఒక్కొక్కటీ కొత్తదానికి ఫార్వర్డ్ చేస్తే అన్నింటి మీదా ఇవాల్టి తేదీయే పడుతుంది. మా అమ్మాయి కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టింది. అందులో పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన కనిపిస్తాయి. రెండు బిందెలు పక్కపక్కన పెట్టి నీళ్ళు వంచుకున్నట్టు, ఇందులోంచి అందులోకి కాపీ చేసుకోవడమే. తేదీలు చెదరవు. కొన్ని కంపెనీలు ఇందుకోసం వేరే 'యాప్ పాస్‌వర్డ్' అడుగుతాయి, అది మెయిలు సెట్టింగుల్లోనే తీసుకోవాలి. ముఖ్యమైన సంగతేంటంటే కాపీ చేయాలి గానీ, 'మూవ్' చేయకూడదు. మధ్యలో కరెంటు పోతే? అందులో ఎన్ని ఉన్నాయో ఇందులో అన్నీ చేరాయో లేదో లెక్క చూసుకున్నాకే పాతవి తీసే ఆలోచన. వచ్చిన ఉత్తరాలే కాదు, మనం పంపినవి 'సెంట్' అనే అరలో ఉంటాయి, వాటిని మరిచిపోకండి. చిరునామాల పుస్తకం కూడా విడిగా తెచ్చుకోవాలి.

ఆ 'సెంట్' అరలోనే నాకు మా అమ్మ దొరికింది.

2006 మే నెల ఉత్తరం. అమెరికాలో మా తమ్ముడు మాగాయ పెట్టుకుంటానంటే, అమ్మ చెప్పగా నేను కొట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగుని చదువుతుంటే ఆవిడ పక్కన కూర్చున్నట్టే ఉంది. "కాయ పుల్లనిదై ఉండాలి, పీచున్నా ఫరవాలేదు. చెక్కు తీసి పల్చగా తరుక్కో. నాలుగు గ్లాసుల ముక్కకి గ్లాసుకి కొంచెం తక్కువ ఉప్పు, చెంచాడు పసుపు. మూడు రోజులు ఊరాక ముక్క పిండి ఎండలో వెయ్యి, ఊట కూడా ఎండలో పెట్టు. ముక్క వొరుగులా అయ్యాక ఊటలో వేసి కారం, వేయించిన మెంతిపిండి కలుపు, ఇంగువ పోపు చల్లారాక పెట్టు. అక్కడ ఎండ లేకపోతే పెట్టకు, మీ అక్క పంపిస్తుంది. ఒంటరిగా తినకు, పక్కవాళ్ళకి పెట్టు." అంతే. కింద నా మాటగా, "అమ్మ ఇంకా చెప్తోంది గానీ టైము అయిపోయింది, గంట దాటితే ఇంకో 20 ఇవ్వాలి" అని ఉంది.

ఆ 20 రూపాయలు ఆ రోజు ఇచ్చేసి ఉంటే ఇంకో నాలుగు మాటలు మిగిలేవి కదా అనిపించింది. ఏం చేస్తాం.

అలాంటివి 64 దొరికాయి. అన్నీ అచ్చు తీయించి, వంటల నోటుబుక్కు సైజుకి కత్తిరించి కుట్టుకున్నాను. ఒక కాపీ తమ్ముడికి పోస్టు చేశాను. అందిన రోజు ఫోనులో చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

ఇప్పుడు పాత మెయిలు మూసేశారా అని అడుగుతారేమో. లేదండీ. దానికి వచ్చేవి కొత్తదానికి చేరేలా 'ఫార్వర్డింగ్' పెట్టాం. కొన్ని కంపెనీలు దీన్ని ఉచితంగా ఇస్తాయి, కొన్ని డబ్బు కట్టమంటాయి. అది లేకపోతే, "మా చిరునామా మారింది" అని దానంతటదే జవాబిచ్చే ఏర్పాటు పెట్టుకోవచ్చు. అయితే అది ప్రకటనల వాళ్ళకీ, మోసగాళ్ళకీ కూడా జవాబిచ్చేస్తుంది, కాబట్టి అందులో కొత్త చిరునామా రాయకుండా "ఫోను చేయండి" అని రాయడం మేలు. నెలకోసారి, అమావాస్యకి బూజు దులిపినట్టు, పాతదాన్ని తెరిచి చూస్తున్నాం. ఇంకా ఎవరైనా అక్కడికే రాస్తుంటే పట్టికలో చేర్చుకుంటున్నాం. కనీసం ఏడాదిపాటు ఉంచాలని మా నిర్ణయం. ఏడాదికోసారి వచ్చే ఇన్సూరెన్సు ఉత్తరం ఒక చుట్టు తిరిగి రావాలి కదా.

మూసేసిన పేరు వేరేవాళ్ళకి పోయే ప్రమాదం కూడా కొన్నిచోట్ల ఉంది. 2013లో యాహూ ఏడాదికి పైగా వాడని పేర్లను కొత్తవాళ్ళకి ఇచ్చింది. అలా తీసుకున్న కొందరికి పాతవాళ్ళ సొంత ఉత్తరాలు వచ్చాయి కూడా. గూగుల్ అయితే తీసేసిన పేరు ఇంకొకరికి ఇవ్వదు గానీ, రెండేళ్ళు అసలు వాడని ఖాతాలను తొలగించే పద్ధతి 2023 డిసెంబరు నుంచి పెట్టింది. కాబట్టి ఏ కంపెనీదైనా సరే, అప్పుడప్పుడు తెరుస్తూ ఉండడమే క్షేమం.

ఇంకో హెచ్చరిక. మనం మారుతున్నామని ఎలా తెలుస్తుందో ఏమో, "మీ మెయిలు రేపటితో ఆగిపోతుంది, ఇక్కడ నొక్కండి" అని నాకే రెండు వచ్చాయి. నొక్కకండి. కంపెనీ పేరు మనమే టైపు చేసి లోపలికి వెళ్ళి చూసుకోవాలి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు, అల్లుడి గొంతుతో అడిగినా సరే. పొరపాటున డబ్బు పోతే, ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

క్యాలెండరు వెనక రాసుకోవడానికి వీలుగా మళ్ళీ ఒకసారి:

1. పాత మెయిలులో ముందుగా ఇప్పటి ఫోను నెంబరు, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి.

2. కొత్తది మీ పేరు మీద తెరవండి, రెండంచెల తాళం వేయండి.

3. పాతదాంట్లో వెతికి, ఎవరెవరికి చెప్పాలో పట్టిక రాయండి. బ్యాంకు, ఇన్సూరెన్సు, పన్ను, ఆ తర్వాతే మిగతావి. కొన్ని బ్యాంకుల్లో స్వయంగా వెళ్ళి కాగితం ఇవ్వాలి.

4. ఉత్తరాలు, పంపినవాటితో సహా, కాపీ చేయండి. ప్రాణప్రదమైనవి అచ్చు తీయించండి.

5. పాతది ఏడాదిపాటు మూయకండి. నెలకోసారి తెరవండి.

6. మన తర్వాత ఎవరు చూడాలో కూడా ఏర్పాటు చేయండి. గూగుల్‌లో 'ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్' అని 2013 నుంచి ఉంది. మనం ఎంచుకున్న గడువు, 3 నెలల నుంచి 18 నెలల వరకూ, ఖాతా కదలకపోతే మనం చెప్పినవాళ్ళకి కబురు పంపి, మనం అనుమతించినవి వాళ్ళకి ఇస్తుంది.

చివరి మాట. బ్యాంకు పిన్ను ఎవరికీ చెప్పకూడదు నిజమే. కానీ ఇంట్లో ఏ ఏ ఖాతాలున్నాయి, ఏ మెయిలుకి కబుర్లు వస్తాయి, అది తెరుచుకోకపోతే ఏం చెయ్యాలి, ఈ మూడూ ఇల్లాలికి తెలియాలి. మావారికి ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటమేసింది. మంగళం పలికినట్టు ఉంటుందేమోనని. ఆయనే ఒక ఆదివారం చిన్న నోటుబుక్కు తెచ్చి, ఆ 31 పేర్లూ తన చేతి రాతతో రాసి, బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టారు. "నీ తాళాల గుత్తిలో ఇదీ కలుపుకో" అన్నారు.

అత్తగారుంటే ఏమనేవారో తెలుసు. ముందు బీరువా తాళం వేశావా అని అడిగేవారు.

ఇవాళ రాత్రి వడ్డించేటప్పుడు మీరూ ఒకసారి అడిగి చూడండి. పప్పులో ఉప్పు మాత్రం సరిగ్గా వేసి మరీ అడగండి, మాట మార్చే వీలుండకూడదు! మీ ఇంట్లో ఏం జవాబొచ్చిందో నాకు రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.